డైటింగ్ మొదలుపెట్టే ముందు మనసు కోసం కొన్ని జాగ్రత్తలు

తిండి తగ్గించిన రెండో వారంలో ఏదో ఒక రాత్రి, ఫోనులో వంటల వీడియోలు ఒకదాని వెంట ఒకటి చూస్తూ ఉండిపోతారు. వండుకునే ఉద్దేశమేమీ ఉండదు, అయినా చూపు మరలదు. ‘నాకు నిగ్రహం లేదు’ అని అప్పుడు తిట్టుకోకండి. అది ఆకలి చేయిస్తున్న పని.

1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ బృందం 36 మంది యువకులకు 24 వారాల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించి చూసింది. దేహం, మనసు రెండూ గట్టిగా ఉన్నవాళ్లనే ఏరి తీసుకున్నారు. అయినా వాళ్లకు తిండి ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, కంచాలు నాకారు. అందుకే ఒక్కసారిగా ఎక్కువ తగ్గించకండి. పగలంతా పస్తుండి సాయంత్రం నిలదొక్కుకుందామనుకుంటే అది జరగని పని. వేళకు తినండి.

‘ఇక తీపి ముట్టను’ అని ఒట్టు పెట్టుకోవద్దు. 1987లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నాడు. వద్దన్నకొద్దీ అదే గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా గుర్తొచ్చింది. తిండి తలపు వచ్చినప్పుడు దానితో పోట్లాడకండి. ఇది ఆకలా, అలసటా, దిగులా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి. ఆకలైతే తినండి, అందులో తప్పేమీ లేదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మాట తప్పిన రోజు. ఒక బిస్కెట్ తింటారు. ‘ఎలాగూ తప్పింది కదా’ అనిపించి, వంటింట్లో నిలబడే, రుచి కూడా తెలియకుండా పొట్లం ఖాళీ చేస్తారు. మర్నాడు దానికి శిక్షగా ఉపవాసం. ఆ ఉపవాసమే మళ్లీ పొట్లం దగ్గరికి తెస్తుంది. ఎంత తిన్నా సరే, తర్వాతి భోజనం దాని వేళకు, మామూలుగా తినండి.

మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, ఎదిగే వయసు పిల్లలు, గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్యతో బాధపడినవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. దాచుకుని తినడం, తిన్నది వాంతి చేసుకోవడం, రోజంతా తిండి లెక్కలతోనే గడవడం కనిపిస్తే డైటింగ్ అక్కడితో ఆపి మానసిక వైద్యుల్ని కలవండి. ఈ గుర్తులు మీ కంటే ముందు పక్కవారికే కనిపిస్తాయి. కాబట్టి మొదలుపెట్టే రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.