ప్రతిబింబ ఆవేశాలతో లెక్కలు – 2వ పాఠం: రెండు రేకుల మూల

పోయిన పాఠంలో ఎర్త్ చేసిన ఒక్క రేకు ముందు +q ఉంటే, రేకును మర్చిపోయి దాని వెనక అంతే దూరంలో −q పెట్టుకున్నాం. రేకు ఉన్నచోట పొటెన్షియల్ సున్నా వచ్చేసింది. ఇవాళ అలాంటివి రెండు, లంబంగా కలిసి ఉన్నాయి.

కాగితం మీద ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీయండి. కుడివైపు పై గడిలో, నిలువు రేకుకు 3 సెం.మీ., అడ్డ రేకుకు 4 సెం.మీ. దూరంలో +1 నానోకూలుంబ్ చుక్క పెట్టండి. ఎడమన ఒక −1, కింద ఒక −1. ఇక్కడే చాలామంది పెన్ను మూసేస్తారు. డిగ్రీలో నేనూ మూసేశాను, మార్కులు పోయాయి.

నిలువు రేకు మీద ఎక్కడైనా వేలు పెట్టి చూడండి. అసలు ఆవేశమూ ఎడమవైపు −1 సరిసమాన దూరంలో ఉన్నాయి, కొట్టేసుకుంటాయి. మరి కిందున్న −1కి జోడీ ఏది? ఎడమ కింది గడిలో +1 పెడితే గానీ లెక్క కుదరదు. అది ప్రతిబింబానికి ప్రతిబింబం. (సెలూన్‌లో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చున్నారుగా? సమాంతర రేకుల లెక్క కూడా అలాగే అంతులేకుండా పోతుంది.)

ఇక బలం. దూరాలు 6, 8, 10 సెం.మీ. ఎడమకు 2.5 మైక్రోన్యూటన్ల లాగుడు, కిందికి 1.41. మూలనున్న +1 మాత్రం 0.9తో బయటికి నెడుతుంది. దాన్ని విడదీస్తే కుడికి 0.54, పైకి 0.72. మిగిలింది ఎడమకు 1.96, కిందికి 0.69.

శక్తి దగ్గర జాగ్రత్త. నాలుగు ఆవేశాల జతలన్నీ కూడితే −3.45×10⁻⁷ జౌళ్లు వస్తుంది. అది జవాబు కాదు. క్షేత్రం నిజంగా ఉన్నది ఒక్క గడిలోనే, మిగతా మూడూ మన ఊహ. కాబట్టి నాలుగో వంతు: సుమారు −8.6×10⁻⁸.

ఇంటిపని: రేకుల మధ్య కోణం 60 డిగ్రీలైతే ప్రతిబింబాలు ఐదు. గీసి చూడండి. తర్వాత 120 డిగ్రీలకూ ప్రయత్నించండి. ఒక ప్రతిబింబం వచ్చి రేకుల మధ్య, అసలు ఆవేశం ఉన్న గడిలోనే పడుతుంది. అక్కడ ఈ పద్ధతి పనిచేయదు. ఎందుకో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో గోళం మొదలుపెట్టేముందు చూద్దాం.