సస్కాచెవాన్ పల్లెకు మారుతున్నారా? ముందు కారు ముక్కు చూడండి

కెనడాలో సస్కాచెవాన్ వైపు చిన్న ఊళ్లో ఉద్యోగం దొరికినవాళ్లకు ఒక మాట. ఇల్లూ సామానూ ఎలాగోలా కుదురుతాయి. పాత కారు కొనేటప్పుడు మాత్రం ముందు గ్రిల్ దగ్గర చిన్న ప్లగ్గు వేలాడుతోందో లేదో వంగి చూడండి. అది బ్లాక్ హీటర్‌ది, అంటే చలికి ఇంజన్‌ను కరెంటుతో వెచ్చబెట్టేదానిది. మైనస్ 20 దాటితే ఇంజనాయిల్ ఆముదంలా చిక్కబడి, పొద్దున్నే బండి మూలుగుతుందే తప్ప లేవదు. రాత్రంతా కరెంటు తగలెయ్యక్కర్లేదు. టైమర్ పెట్టి, బయల్దేరడానికి 3-4 గంటల ముందు ఆన్ అయ్యేలా చూసుకుంటే చాలు. ఆ ప్లగ్గుకు తగిలించే ఎక్స్‌టెన్షన్ వైరు ఆరుబయట చలికి పనికొచ్చేదే కొనండి. ఇంట్లోది వాడితే చలికి పుల్లలా బిరుసెక్కి పగిలిపోతుంది. ప్లగ్గు పీకకుండా రివర్స్ చేయొద్దు (అదీ చేశాను).

కంకర రోడ్డు మీద లారీ ఎదురైతే నెమ్మదించండి, రాళ్లు ఎగిరి అద్దానికి తగులుతాయి. ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తితే అది పలకరింపే, మీరూ ఎత్తండి.

చింతపండు, కందిపప్పు అక్కడి పెద్ద నగరాలైన సస్కటూనో రెజీనానో వెళ్లినప్పుడు నెలకు సరిపడా తెచ్చుకోవాలి. తమాషా ఏంటంటే, మసూర్ పప్పు మాత్రం ఆ చుట్టుపక్కల పొలాల్లోనే పండుతుంది.