తిన్నాక షుగర్ ఎంత ఉందో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

పోయిన వేసవిలో విజయనగరంలో మా అమ్మ మామిడిపండ్లు కోస్తూ మధ్యలో లేచి షుగర్ చూసుకుంది. మీటర్‌లో 268! ఇల్లంతా కంగారు. సబ్బుతో చెయ్యి కడిగించి, ఇంకో వేలికి చూస్తే 171. వేలికి అంటిన పండురసం చేసిన పని అది.

కాబట్టి ముందు చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకోండి. వేలి కొసకు పక్కగా పొడవండి. చుక్క రాలేదని గట్టిగా పిండకండి. స్ట్రిప్‌ల గడువు చూసుకుని, డబ్బా మూత వెంటనే బిగించండి.

తిన్నాక షుగర్ రెండు గంటలకు చూడాలి. ఆ రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. ఒంటిగంటకు తినడం మొదలుపెడితే మూడింటికి చూడాలి. షుగర్ జబ్బు లేనివాళ్లకు అప్పటికి మామూలుగా 140 లోపు ఉంటుంది. జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి 180 లోపు ఉంటే చాలంటారు. గర్భిణులకు 120 లోపు ఉండాలి. బాగా పెద్దవయసు వాళ్లకు ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి.

తినే ముందు కూడా ఒకసారి చూడాలి. నన్నడిగితే అసలు కిటుకు ఇదే. ముందు 110, తర్వాత 190 వస్తే ఆ భోజనం 80 పెంచిందన్నమాట. ముందే 170 ఉండి 190కి వెళ్తే భోజనం పెంచింది 20 మాత్రమే. అప్పుడు పరగడుపు షుగర్ గురించి, మందుల గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఇది తెలియక అన్నం పూర్తిగా మానేసి నీరసపడిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అంకెల పక్కనే ఏం తిన్నారో రాయండి: "అన్నం రెండు గరిటెలు, పప్పు, ఆనపకాయ కూర". మర్నాడు అదే భోజనంలో ఒక్కటే మార్చండి. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తినడమో, తిన్నాక పదిహేను నిమిషాలు నడవడమో. ఎంత తగ్గిందో మీకే కనిపిస్తుంది.

చోడి (రాగి) అంబలితో షుగర్ పెరగదని మనవైపు గట్టి నమ్మకం. చోళ్లు మంచివే, కానీ చోడిపిండిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పలచగా కాచి గ్లాసులకు గ్లాసులు తాగితే షుగర్ తొందరగా ఎక్కుతుంది. ఒక గ్లాసు తాగి మీరే చూసుకోండి.

చెమటలు, వణుకు వచ్చి 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. కిడ్నీ జబ్బు ఉంటే ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. మాత్రలు మీ అంతట మీరు పెంచకండి, తగ్గించకండి. ఆ రాసుకున్న పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.