ఇంట్లోనే నలుపు-తెలుపు ప్రింట్లు – 4వ పాఠం: గేదె నలుపు

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. బాగా నల్లటి వస్తువు ఉన్న ఫోటో ఒకటి తీసుకుని, ప్రింటర్ డ్రైవర్‌లో (ప్రింట్ సెట్టింగ్‌లు ఉండే సాఫ్ట్‌వేర్) ఏమీ మార్చకుండా, మీ దగ్గరున్న పేపర్ మీద ఏ4 సైజులో ప్రింట్ తీసి ఉంచమన్నాను. ఇప్పుడు ఆ ప్రింట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పక్కన మీ సెల్‌ఫోన్‌ని స్క్రీన్ ఆపేసి పెట్టండి. రెండు నలుపుల్నీ కలిపి చూడండి. ప్రింట్ నలుపు వెలిసిన గొడుగు గుడ్డలా ఉంటే కంగారు పడకండి, మొదట్లో అందరికీ అలాగే వస్తుంది.

ఈ పాఠానికి నేను తీసుకున్న ఫోటో చెరువులోంచి గట్టెక్కుతున్న గేదె, దాని వీపు మీద ఒక కొంగ. గేదెల్ని దగ్గరగా చూసి పెరిగినవాళ్లకి ఈ పాఠం సగం ముందే తెలుసు. నీళ్లలోంచి అప్పుడే లేచిన గేదె కాటుక ముద్దలా నిగనిగలాడుతుంది. పావుగంట ఎండలో నిలబడితే అదే ఒళ్లు బూడిద రంగుకి తిరుగుతుంది. తోలు అదే, తోలు రంగూ అదే. ఆరిన తోలు గరుకుగా ఉంటుంది కాబట్టి మీద పడ్డ వెలుగుని అన్ని వైపులకీ చిమ్ముతుంది, అందులో కొంత మన కంట్లోనూ పడుతుంది. తడి ఒంటి మీద నీటి పొర నున్నగా ఉండి వెలుగుని ఒక వైపుకే తోస్తుంది. ఆ వైపున మనం లేకపోతే మనకి కనిపించేది చిక్కటి నలుపు.

మెరుపు లేని మ్యాట్ పేపర్ ఆరిన గేదె. నున్నటి పూత ఉన్న గ్లాసీ, లస్టర్, బరైటా పేపర్లు తడి గేదె. ఎంత ఖరీదైన సిరా పోసినా ఈ తేడా పోదు.

దీన్ని కొలవడానికి డెన్సిటీ అనే లెక్క ఉంది. పడిన వెలుగులో పదో వంతు తిరిగొస్తే డెన్సిటీ 1, నూరో వంతు తిరిగొస్తే 2. ఒక పేపర్ మీద రాగల అతి చిక్కటి నలుపు డెన్సిటీని డీమ్యాక్స్ అంటారు. మంచి కాటన్ మ్యాట్ పేపర్ మీద పిగ్మెంట్ సిరాతో (సన్నటి రంగు పొడి కలిపిన సిరా) ఇది 1.6, 1.7 దగ్గర ఆగుతుంది. బరైటా మీద 2.2 దాటుతుంది. 1.6 అంటే రెండున్నర శాతం వెలుగు తిరిగొస్తున్నట్టు, 2.3 అంటే అర శాతం. పేపర్ తెలుపు 90 శాతం వెలుగుని వెనక్కి పంపుతుందనుకుంటే, మ్యాట్ మీద తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా 36 రెట్లు, బరైటా మీద 180 రెట్లు. మామూలు ఐపీఎస్ రకం మానిటర్ మీద ఇది దాదాపు 1000 రెట్లు. మానిటర్‌లో చూసిన నలుపుని పేపర్ మీద వెతకడం ఎందుకు దండగో ఈ మూడు అంకెలు చూస్తే తెలిసిపోతుంది. మనం చేయగలిగింది, మన పేపర్‌కి ఉన్న నలుపుని చివరి చుక్క దాకా రాబట్టడం. చాలామంది ప్రింట్లలో అదే జరగడం లేదు.

జరగకపోవడానికి మొదటి కారణం తప్పు నల్ల సిరా. పిగ్మెంట్ ఫోటో ప్రింటర్లలో రెండు రకాల నలుపు ఉంటుంది: ఫోటో బ్లాక్, మ్యాట్ బ్లాక్. ఫోటో బ్లాక్ నున్నటి పూత ఉన్న పేపర్లకి, మ్యాట్ బ్లాక్ పూత గరుకుగా ఉండే మ్యాట్, కాటన్ పేపర్లకి. ఏ నలుపు వాడాలో ప్రింటర్‌కి, డ్రైవర్‌లో మీరు ఎంచుకున్న మీడియా టైప్‌ని (పేపర్ రకం) బట్టి తెలుస్తుంది. ట్రేలో ఏ పేపర్ పెట్టారో అది చూడలేదు కదా!

ఇది నాకు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. గేదె ఫోటోని మొదటిసారి కాటన్ పేపర్ మీద వేసినప్పుడు, అంతకుముందు రోజు వాడిన లస్టర్ సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను. ఫోటో బ్లాక్ వెళ్లి మ్యాట్ పేపర్‌లో ఇంకిపోయింది. గేదె సిమెంటు బొమ్మలా వచ్చింది. ఫైల్ తప్పేమో అనుకుని కర్వ్స్ లాగి ఇంకోటి తీశాను, మానిటర్ తప్పేమో అనుకుని మూడోదీ తీశాను. మూడు మంచి పేపర్లు పోయాక మీడియా టైప్ వైపు చూశాను. దీనికి తిరకాసు కూడా ఉంది: మ్యాట్ బ్లాక్‌ని గ్లాసీ పేపర్ మీద వేస్తే సరిగ్గా అంటుకోదు, వేలితో తుడిస్తే వేలికి వచ్చేస్తుంది.

పాత ఎప్సన్ మోడళ్లలో, ఉదాహరణకి ఎస్‌సీ-పీ600లో, ఈ రెండు నలుపులూ ఒకే దారి పంచుకుంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా గొట్టంలో ఉన్న సిరా పారబోసుకోవాలి. అలాంటి ప్రింటర్ ఉన్నవాళ్లు వారమంతా మ్యాట్ పనులు, తర్వాతి వారం గ్లాసీ పనులు అని పెట్టుకోవడం మంచిది. 2020లో వచ్చిన పీ700, పీ900లలో రెండింటికీ వేరు వేరు నాజిళ్లు (సిరా చిమ్మే రంధ్రాలు) ఉన్నాయి, ఆ బాధ లేదు.

ఇక మన ఊళ్ల స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ఎప్సన్ ఎల్805, ఎల్8050 లాంటి ట్యాంకు ప్రింటర్ల సంగతి. వీటిలో ఆరు రంగుల డై సిరా (రంగు ద్రవంలో కరిగిపోయి ఉండే సిరా) ఉంటుంది, నలుపు ఒక్కటే, బూడిద సిరా లేదు. గ్లాసీ పేపర్ మీద వీటి నలుపు నిజంగానే బాగుంటుంది, తక్కువ చేయడానికి లేదు. చిక్కు మధ్య టోన్లతో వస్తుంది. బూడిద రంగుని ప్రింటర్ రంగు సిరాలు కలిపి తయారు చేస్తుంది కాబట్టి అది కొంచెం ఆకుపచ్చకో గులాబీకో తిరుగుతుంది. వీటిని మ్యాట్ పేపర్‌తో వాడి లోతైన నలుపు ఆశించకండి. గ్లాసీతోనే ఉండండి.

ఇప్పుడు అసలు పని. దీన్ని చదివి వదిలేయకుండా చేయండి.

ఫోటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే జింప్‌లో గానీ ఏ4 సైజు ఫైల్ తెరిచి మొత్తం పూర్తి నలుపుతో, అంటే విలువ 0తో (0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు) నింపండి. దాని మీద రెండు సెంటీమీటర్ల గడులు గీయండి. మొదటి గడి విలువ 2, తర్వాత 4, 6, 8, అలా 40 దాకా. ఒక్కో గడి కింద దాని అంకె తెల్లగా, చిన్నగా రాయండి. ఇలా మొత్తం ఇరవై గడులు అవుతాయి. తెర మీద మొదటి నాలుగైదు కనిపించకపోవచ్చు, ఫర్వాలేదు. మీ మామూలు సెట్టింగ్‌లతో ప్రింట్ తీసి ఒక రోజు ఆరనివ్వండి. వానాకాలంలో కాకినాడ, విశాఖ వైపు ఉన్నవాళ్లు రెండు రోజులు ఆగితే నయం.

ఆరాక, నేరుగా ఎండ పడని పగటి వెలుగులో చూడండి. నలుపులోంచి మొదట విడిపడి కనిపించిన గడి అంకె ఏది? నా కాటన్ పేపర్ మీద 12 దగ్గర మొదలైంది, బరైటా మీద 6 దగ్గర. అంటే నా మ్యాట్ ప్రింట్‌లో 0 నుంచి 10 దాకా ఉన్నదంతా ఒకే ముద్ద. గేదె మెడ కింది ముడతల్ని నేను 8లో దాచిపెడితే అవి పేపర్ మీదకి రావు. మీకు 20 దాటితే గానీ గడి కనిపించకపోతే సెట్టింగ్ ఎక్కడో తప్పింది. ఎక్కువసార్లు అది ప్రొఫైల్ గొడవే: ఫోటోషాప్‌లో పేపర్ ప్రొఫైల్ (ఆ పేపర్ మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) పెట్టి, డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపడం మర్చిపోయుంటారు. రెండు చేతులు ఒకే గరిటె తిప్పినట్టు అవుతుంది. ఇంకోటి, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ అనే గడిలో టిక్ ఉందో లేదో చూడండి. ఆ టిక్ ఉంటే ఫైల్‌లోని అతి నలుపు, పేపర్ ఇవ్వగల అతి నలుపు మీదకి చేరి, మిగతా నీడలు దాని పైన వరుసగా సర్దుకుంటాయి. రెలటివ్ కలరిమెట్రిక్ అనే రంగు మార్పిడి పద్ధతిలో ఆ టిక్ లేకపోతే, పేపర్ చూపించలేని నీడలన్నీ కలిసి ముద్దవుతాయి.

గడులు బాగానే విడిపోతున్నాయి కానీ నలుపే చిక్కగా లేదంటే మీడియా టైప్ మార్చి చూడండి. నేను వాడేది ఎప్సన్ కాబట్టి ఆ పేర్లే చెప్తాను. ఒకే కాటన్ పేపర్‌ని వెల్వెట్ ఫైన్ ఆర్ట్ అని ఒకసారి, ఆర్కైవల్ మ్యాట్ అని ఇంకోసారి చెప్పి వేయండి. ఒక్కో దానిలో ప్రింటర్ పోసే సిరా వేరు, కాబట్టి నలుపూ వేరుగా వస్తుంది. రెండూ మ్యాట్ బ్లాక్ వాడేవే కాబట్టి ప్రమాదం లేదు. డ్రైవర్‌లో కలర్ డెన్సిటీ అని ఇంకో స్లయిడర్ కూడా ఉంటుంది. దాన్ని చూడగానే అందరి చేతులూ కుడివైపుకే వెళ్తాయి. ఆగండి. పేపర్ పూత కొంత సిరానే పట్టుకుంటుంది. అది నిండాక పోసిన సిరా నలుపుని పెంచదు, ఒక్కోసారి తగ్గిస్తుంది కూడా. పేపర్ ఉబ్బుతుంది, నీడల్లో గడులు కలిసిపోతాయి, ఆరాక మరకలు మరకలుగా ఉంటుంది. సున్నా, +5, +10, +15లతో నాలుగు చిన్న నల్ల పట్టీలు తీసి పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా కనిపించడం ఆగిపోతుందో దాని ముందు అడుగే మీది. అయితే ఒకటి: ఈ స్లయిడర్ కదిపితే పేపర్ కంపెనీ ఇచ్చిన ప్రొఫైల్ ఇక సరిపోదు, కొత్తది చేయించుకోవాలి.

పట్టీలను పోల్చడానికి ఫోన్ కెమెరా వాడకండి, అది ఎక్స్‌పోజర్‌ని తనకి తోచినట్టు మార్చేస్తుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే ఆటో సవరింపులన్నీ ఆపేసి, నాలుగు పట్టీలూ ఒకేసారి పెట్టి స్కాన్ చేయండి. అంకెలు నిజమైన డెన్సిటీ కావు కానీ ఏది చిక్కనో చెప్పేస్తాయి.

ప్రొఫైళ్ల తలనొప్పి వద్దనుకునేవాళ్లకి ఎప్సన్ పిగ్మెంట్ ఫోటో ప్రింటర్లలో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ ఉంది. 2005లో కే3 అనే మూడు నలుపుల సిరాలతో పాటు వచ్చింది. ఇది రంగు సిరాల్ని బాగా తగ్గించి నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపులతోనే పని కానిస్తుంది. నలుపు-తెలుపుకి నా మొదటి ఓటు దీనికే. దీనిలో టోన్ మొదట డార్కర్ మీద ఉంటుంది. డార్కెస్ట్ అంటే నలుపు ఇంకా చిక్కనవుతుందని పొరబడకండి. చిట్టచివరి నలుపు అంతే ఉంటుంది, మధ్య టోన్లు కిందికి దిగుతాయి. గేదె చిక్కబడదు, చెరువు చీకటవుతుంది.

ఇంత చేశాక కూడా మ్యాట్ మీద గేదె 1.65 దగ్గరే ఉంటుంది. ఇక్కడి నుంచి పని ఫైల్‌లో. కంటికి నలుపు ఎంతన్నది దాని పక్కన ఏముందో చూసి తెలుస్తుంది. పాతకాలపు ప్లాటినం ప్రింట్ల డీమ్యాక్స్ 1.5 అటూ ఇటూ మాత్రమే, అయినా వాటిని చూసి నలుపు తక్కువైందని ఎవరూ అనుకోరు. నా గేదె ఫోటోలో ఒళ్లంతా 0కి తోసేసి ఉండేది, అందుకే అట్టముక్క కత్తిరించి అంటించినట్టు కనిపించింది. ఒంటిని 25 నుంచి 45 మధ్యకి లేపాను. 0 విలువని మెడ కింద, ముందు కాళ్ల సందులో, ముక్కు రంధ్రాల్లో మాత్రమే ఉంచాను. కొమ్ము అంచు మీద, వీపు తడి మీద మెరుపుని కొంచెం పెంచాను. కొంగ పక్కనే ఉన్న వీపుని మాత్రం కొద్దిగా కిందికి దించాను. పేపర్ అదే, సిరా అదే. ఇప్పుడు గేదె తడిసింది.

ఫ్రేమ్ కట్టించే తొందరలో ఉన్నవాళ్లకి ఒక్క మాట: ప్రింట్ పూర్తిగా ఆరకుండా అద్దం కింద పెడితే సిరాలోని ద్రావకాలు మెల్లగా బయటికొచ్చి అద్దం లోపల మసకలా పేరుకుంటాయి. అప్పుడు ఎంత కష్టపడి తెచ్చిన నలుపైనా మళ్లీ ఆరిన గేదే. ప్రింట్ మీద మామూలు తెల్ల కాగితం వేసి, మధ్యలో మారుస్తూ, కొన్ని రోజులు ఉంచండి.

5వ పాఠంలో బూడిద రంగుకి ఆకుపచ్చ ఎందుకు అంటుతుందో చూద్దాం. అప్పటికి మూడు కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి: గడుల షీటు, మొదట తీసిన ప్రింట్, నీడలు సవరించి తీసిన ప్రింట్. ప్రతిదాని వెనకా పేపర్ పేరు, మీడియా టైప్, కలర్ డెన్సిటీ స్లయిడర్ అంకె, తేదీ పెన్సిల్‌తో రాయండి. ఏ ప్రింట్ ఎలా తీశారో గుర్తుంటుందిలే అనుకుంటారు. వారం తర్వాత ఒక్కటీ గుర్తుండదు.