ఇంగ్లీషు వాక్యం యాడ్‌వర్బ్‌తో మొదలైతే వెనకాల ఏం మారుతుంది?

తెలుగులో "నిన్న సాయంత్రం బస్టాండులో మా తమ్ముడు కనిపించాడు" అంటాం. ఎప్పుడో, ఎక్కడో చెప్పేశాకే మనిషి పేరు వస్తుంది. ఇంగ్లీషు రాసేటప్పుడు కూడా మన చెయ్యి అలాగే పోతుంది. హనుమకొండలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలకు నేను సాయంత్రాలు గ్రామర్ చెబుతాను. వాళ్ల నోట్‌బుక్కుల్లో ఎర్ర ఇంకు ఎక్కువగా పడేది వాక్యం మొదట్లోనే. ఇంగ్లీషు కూడా యాడ్‌వర్బ్‌ని, అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని చెప్పే మాటని, ముందుకు రానిస్తుంది. కానీ ముందుకొచ్చింది ఏ రకం మాటో చూసుకోవాలి. దాన్నిబట్టే వెనకాల కర్త, క్రియల వరస ఉంటుంది.

కాలం చెప్పే మాటలతో భయం లేదు. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ ప్రసంగం "లాంగ్ యియర్స్ అగో వి మేడ్ ఎ ట్రిస్ట్ విత్ డెస్టినీ" అని మొదలైంది. ముందు కాలం, తర్వాత కర్త "వి", ఆ వెంటనే క్రియ "మేడ్". వరస ఏమీ మారలేదు. మీరూ "యెస్టర్డే ఐ మెట్ మై బ్రదర్" అని నిశ్చింతగా రాయండి. జాగ్రత్త ఒక్కటే: కాలం, చోటు, తోడు వచ్చిన మనిషి, అన్నిటినీ కర్తకు ముందే పేర్చకండి. ఒకటి ముందు పెట్టి, మిగతావి చివరకు పంపండి. "యెస్టర్డే ఈవెనింగ్ ఐ మెట్ మై బ్రదర్ ఎట్ ద బస్టాండ్" అంటే చదివేవాళ్లకి హాయిగా ఉంటుంది. చోటూ కాలమూ రెండూ చివరే పెట్టదలిస్తే మామూలుగా చోటు ముందు, కాలం తర్వాత.

ఇక కామా. "యెస్టర్డే" లాంటి చిన్న మాట తర్వాత అది లేకపోయినా తప్పు కాదు. మొత్తం వాక్యం మీద మన అభిప్రాయం చెప్పే మాటలకు మాత్రం తప్పకుండా కావాలి. "క్లియర్లీ, హి డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్" అంటే, అతను వివరించనే లేదు, ఆ సంగతి స్పష్టంగా తెలుస్తోంది అని. అదే మాటను చివర పెట్టి "హి డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ క్లియర్లీ" అంటే, వివరించాడు కానీ స్పష్టంగా కాదు అని. ఒక్క మాట చోటు మారితే మనిషి మీద వేసే నింద మారిపోతుంది. ఆఫీసు మెయిల్ రాసేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

మన వాళ్లు తరచూ ముందు పెట్టేవి "ఆల్వేస్", "ఆల్రెడీ". ఎప్పుడూ లేటుగా వస్తాడు, ఇప్పటికే తినేశాను అనే వరస నోట్లో ఉంటుంది కాబట్టి "ఆల్వేస్ హి కమ్స్ లేట్", "ఆల్రెడీ ఐ హావ్ ఈటెన్" అని వచ్చేస్తుంది. వీటి చోటు మధ్యలో: "హి ఆల్వేస్ కమ్స్ లేట్", "ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్". పత్రికల్లో అప్పుడప్పుడు "ఆల్రెడీ" ముందుకొస్తుంది, మామూలు మాటల్లో మధ్యలోనే ఉంచండి. "సమ్‌టైమ్స్", "యూజువల్లీ" మాత్రం నిరభ్యంతరంగా ముందుకు రావచ్చు.

అసలు కష్టం, అసలు అందం "కాదు, లేదు" అనే అర్థం ఉన్న మాటల దగ్గర ఉన్నాయి. నెవర్, రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ, నో సూనర్, నాట్ ఓన్లీ. ఇవి ముందుకొస్తే హెల్పింగ్ వెర్బ్‌ని (డిడ్, వాజ్, హావ్ లాంటి సాయపు క్రియని) కూడా కర్తకు ముందుకు లాగుతాయి. 1940 ఆగస్టు 20న బ్రిటన్ పార్లమెంటులో చర్చిల్ తమ వైమానిక దళం గురించి అన్న వాక్యం చూడండి: "నెవర్ ఇన్ ద ఫీల్డ్ ఆఫ్ హ్యూమన్ కాన్ఫ్లిక్ట్ వాజ్ సో మచ్ ఓడ్ బై సో మెనీ టు సో ఫ్యూ." కర్త "సో మచ్". దానికి ముందే "వాజ్" వచ్చేసింది. "సో మచ్ వాజ్ నెవర్ ఓడ్" అని మామూలు వరసలో ఒకసారి పైకి చదవండి. ఆ బరువు ఎక్కడికి పోయిందో మీ చెవికే తెలుస్తుంది.

మా క్లాసులో నేను చేయించే పద్ధతి ఇది. "హి నెవర్ టోల్డ్ మి" అనే వాక్యం తీసుకోండి. "నెవర్" పక్కన పెట్టి మిగిలినదాన్ని ప్రశ్నగా మార్చండి: "డిడ్ హి టెల్ మి?" ఇప్పుడు ప్రశ్న గుర్తు తీసేసి, "నెవర్" ముందు తగిలించండి: "నెవర్ డిడ్ హి టెల్ మి." ప్రశ్నలో "టోల్డ్" కాస్తా "టెల్" అయింది కదా, అలాగే ఉంచాలి. "నెవర్ డిడ్ హి టోల్డ్" అని రాసేవాళ్లు చాలామంది.

"ఓన్లీ" కూడా కాలం చెప్పే మాటతో కలిసి ముందుకొస్తే ఇలాగే వరస మారుస్తుంది. "అప్పుడే ఒప్పుకున్నాడు" అనడానికి "దెన్ ఓన్లీ హి అగ్రీడ్" అంటుంటారు. "ఓన్లీ దెన్ డిడ్ హి అగ్రీ" అనాలి. ఈ "ఓన్లీ" వెనక ఒక చిన్న వాక్యమే వస్తే ఇంకాస్త నిదానించాలి. "ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ ద మ్యాచ్ బిగిన్." వాన ఆగడం గురించిన ముక్కలో వరస మారదు, అసలు వాక్యంలోనే మారుతుంది. పరీక్షలో తప్పు కనిపెట్టే ప్రశ్నల్లో (ఎర్రర్ స్పాటింగ్) "ఓన్లీ ఆఫ్టర్ డిడ్ ద రెయిన్ స్టాప్" అని ఇస్తే తడబడకండి. "ఓన్లీ రవి పాస్డ్" లాంటి చోట "ఓన్లీ" కర్తకే చెందుతుంది, అక్కడ ఏదీ కదలదు.

జంటలు కూడా పరీక్షల్లో ఇష్టంగా అడుగుతారు. "నో సూనర్" వస్తే "దాన్", "హార్డ్లీ" వస్తే "వెన్". "నో సూనర్ హాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్ దాన్ ఇట్ బిగాన్ టు రెయిన్." ఇందులో ముందు జరిగినదానికి "హాడ్" వాడటం, రెండోదానికి మామూలు భూతకాలం వాడటం గమనించండి.

కాదు అనే మాట కనిపించిన ప్రతిచోటా వరస మారుతుందని మాత్రం అనుకోకండి. "ఇన్ నో టైమ్ వి రీచ్డ్ వరంగల్" అంటే చిటికెలో చేరుకున్నాం అని. చేరడం జరిగింది కాబట్టి మార్పు లేదు. "ఎట్ నో టైమ్ డిడ్ వి స్టాప్" అంటే ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగడం జరగలేదు కాబట్టి "డిడ్" వచ్చింది. పని జరిగిందా, లేదా అని అడిగి చూసుకుంటే చాలు, చాలావరకు తేలిపోతుంది.

ఆజ్ఞల్లో కర్త కనబడదు కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. "నెవర్ టచ్ ఎ లైవ్ వైర్", "ఆల్వేస్ వేర్ ఎ హెల్మెట్", చిన్నప్పటి సెలవు చీటీలోని "కైండ్లీ గ్రాంట్ మి లీవ్" ఉన్నవి ఉన్నట్టే సరైనవి.

వీటిని ఎక్కడ వాడాలన్నది నా మటుకు నాకు వ్యాకరణమంత ముఖ్యం. ఇంటర్వ్యూలో కూర్చుని "నెవర్ హావ్ ఐ మిస్డ్ ఎ డెడ్‌లైన్" అంటే ఉపన్యాసంలా ఉంటుంది. "ఐ హావ్ నెవర్ మిస్డ్ ఎ డెడ్‌లైన్" అనండి. ముందుకు లాగిన "నెవర్" వ్యాసానికీ, వేదిక మీద మాటకీ బాగుంటుంది. అక్కడ కూడా పేజీకి ఒకటి మించితే నేను కొట్టేస్తాను.