రంగు చూసి మోసపోయాం: పెద్దబాపు ట్రాక్టర్ కథ (నా అనుభవం)

సిరొంచలో మా పెద్దబాపు ట్రాక్టర్‌ను ఊరంతా మాస్సీ (మాస్సీ ఫెర్గూసన్ కంపెనీ బండి) అనేది. ఎర్ర రంగు, రేకు వంచి వెల్డింగ్ చేసిన బానెట్. కంపెనీ నంబర్ ప్లేటు ఊడిపోయి రెండు రివెట్ బొక్కలే మిగిలాయి. రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని విప్పాను. ఊరి మాట నమ్మి మాస్సీ 35 గాస్కెట్ తెచ్చాను. పెట్టి చూస్తే మూడే పెద్ద బొక్కలు, బ్లాక్‌లో మాత్రం నాలుగు సిలిండర్లు! ముందే సిలిండర్‌కొకటి ఉండే ఇంజెక్టర్ డీజిల్ పైపులు లెక్కపెడితే పోయేది.

"ఏ బండి అయితే ఏంది బిడ్డా, నడిస్తే చాలు" అన్నాడు పెద్దబాపు. నడవదు కదా!

వెర్నియర్‌తో బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) కొలిచాను. 86 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, అంటే మూడు ఇంచుల మూడు సూత్‌లు (సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు). క్రాంక్ మెల్లగా తిప్పి, పిస్టన్ పైకొచ్చినప్పుడు, కిందికెళ్లినప్పుడు లోతు చూశాను. ఆ తేడానే స్ట్రోక్ అంటారు, సరిగ్గా నాలుగు ఇంచులు. ఈ రెండు కొలతలూ మహీంద్రా బి-275 ఇంజన్‌వి. మాస్సీ 35 మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్ స్ట్రోక్ ఐదు ఇంచులు. అనుమానం తీరక డీజిల్ గుడ్డతో బ్లాక్ పక్క రుద్దాను. మూడు పొరల రంగు కింద ఐ, హెచ్ అక్షరాలు తేలాయి. బి-275 అసలు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ (ఐహెచ్) అనే కంపెనీ డిజైనే.

మంచిర్యాల వెళ్లి బి-275 గాస్కెట్ తెచ్చి బిగించాను. బుడగలు ఆగాయి. వెనక గేర్‌బాక్స్ ఏ బండిదో ఇంకా విప్పలేదు.