దాళ్వా కోతలప్పుడు కారు వేడెక్కితే

మొన్న ఏప్రిల్‌లో, దాళ్వా (రబీ వరి) కోతల రోజుల్లో, అమలాపురం నుంచి రావులపాలెం వెళ్తుంటే, కొత్తపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు ఎక్కేసింది. ఏసీ కట్టేసి చెట్టు నీడన బండి ఆపాను. మా బావ రేడియేటర్ మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాను. "ఆగు బావా, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి!" ముప్పావు గంట ఆగాం.

చల్లారాక చూస్తే డబ్బాలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కింది గీత కన్నా దిగిపోయింది. అసలు జబ్బు అది కాదు. టార్చి వేసి చూద్దుము కదా, ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య తాలు, గడ్డి నలుసులు, దుమ్ము కలిసి పిడకలా అట్టకట్టేశాయి. రోడ్ల మీద ధాన్యం ఆరబోసే రోజులు కదా, ఆ పొట్టంతా లోపలికి పోతుంది. ఇక గాలి ఆడేదెక్కడ? సీసాలో ఉన్న నీళ్లు ఆ డబ్బాలో పోసి, ముల్లు మీదే కన్నేసి నెమ్మదిగా ఇంటికి చేరాం.

మర్నాడు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా, ఇంజిన్ వైపు నుంచి బయటికి సన్న ధారతో కడిగాను. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, పల్చటి రెక్కలు వంగిపోతాయి. పాత నీళ్లు వదిలేసి కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి నింపాను. మా బోరు నీళ్లు ఉప్పన, లోపల తుప్పు పట్టిస్తాయి.

బానెట్ ఎత్తాను కదా అని బ్యాటరీ చూస్తే టెర్మినళ్ల మీద నీలిపచ్చ పొడి. నెగెటివ్ ముందు ఊడదీసి, వంటసోడా నీళ్లతో తోమి, ఆరాక నెగెటివ్ ఆఖర్న బిగించి పెట్రోలియం జెల్లీ రాశాను. కోతలయ్యేదాకా వారానికోసారి గ్రిల్‌లోకి టార్చి వేసి చూస్తూనే ఉన్నాను. ముల్లు మళ్లీ సగం దాటలేదు.